పేరు పోయినంత మాత్రాన లైను తెగదు

పొద్దున పదింటికి మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ మొదలవుతుంది. మందు పేరులో మొదటి మూడక్షరాలు కొట్టగానే జాబితా వచ్చేస్తుంది. ఎన్ని కావాలో వేసి ఎంటర్ నొక్కితే బిల్లు ప్రింటవుతుంది. మధ్యాహ్నం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. మూడు దాటాక ఏదో ఒక బిల్లు దగ్గర 'సేవ్' నొక్కగానే తెర బిగుసుకుపోతుంది. 15 సెకన్లు గడిచాక, పూల్‌లోంచి కనెక్షన్ దొరికేలోగా గడువు తీరిపోయిందని చెప్పే ఇంగ్లీషు వాక్యంతో ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. ప్రోగ్రాం మూసి తెరిస్తే మాత్రం ఏమీ జరగనట్టు పనిచేస్తుంది. విచిత్రమేమిటంటే, అదే సమయంలో పక్క కౌంటర్లో అదే ప్రోగ్రాం, అదే సర్వర్‌తో నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది.

ముందు ఫారాలు, వెనక డేటాబేస్ పెట్టుకుని నడిచే డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఇది బాగా తెలిసిన జబ్బు. సర్వర్ నెమ్మదించిందనుకుని మెమరీ పెంచుతారు. కేబుల్ మారుస్తారు. చివరికి భోజనం తర్వాత ఒకసారి ప్రోగ్రాం మూసి తెరవడాన్ని దినచర్యలో కలిపేసుకుంటారు. ఇందులో సర్వర్ తప్పేమీ లేదు, కేబుల్ తప్పూ లేదు. వేరియబుల్ పని అయిపోయిందంటే దానితో ముడిపడినదంతా అయిపోయినట్టేనని ప్రోగ్రాం రాసిన మనిషి నమ్మాడు. తప్పు ఆ నమ్మకంలో ఉంది. ప్రోగ్రాంలో రాసుకునే పేరుకు ఒక ఆయుష్షు ఉంటుంది, ఆ పేరు సూచించే ఆబ్జెక్ట్‌కు మరొకటి, ఆ ఆబ్జెక్ట్ పట్టుకున్న డేటాబేస్ కనెక్షన్‌కు ఇంకొకటి. ఈ మూడూ ఒకటేననుకున్న చోటే మధ్యాహ్నం మూడింటి జబ్బు పుడుతుంది.

రెండు లైన్లు, మూడు ఆయుష్షులు

బటన్ నొక్కినప్పుడు నడిచే ప్రొసీజర్‌లో సాధారణంగా మొదటి లైనులోనే కనెక్షన్ తయారవుతుంది. విజువల్ బేసిక్‌లో అయితే 'డిమ్ కాన్ యాజ్ న్యూ ఎస్‌క్యూఎల్‌కనెక్షన్' అని రాస్తారు, దాని కింద 'కాన్.ఓపెన్' అంటారు. ఈ రెండు లైన్లతో మూడు వేర్వేరు సంగతులు మొదలయ్యాయి. మొదటిది 'కాన్' అనే పేరు. 'ఎండ్ సబ్' వచ్చేదాకానే ఆ పేరు చెల్లుతుంది, ఆ గీత దాటాక దాన్ని ఎవరు పిలిచినా పలికేది ఉండదు. పేరు చెల్లే ఈ మేరనే స్కోప్ అంటారు. రెండోది మెమరీలో కొన్ని బైట్ల చోటు తీసుకున్న ఆబ్జెక్ట్. మూడోది అసలు కనెక్షన్, అంటే ఈ కంప్యూటర్ నుంచి సర్వర్ దాకా పరుచుకున్న లైను, ఆ చివర సర్వర్ మన కోసం తెరిచి ఉంచిన సెషన్. ఈ మూడోదానిలో సగం మన కంప్యూటర్లో లేనే లేదు. అక్కడెక్కడో సర్వర్ గదిలో ఉంది. మన ప్రొసీజర్ 'ఎండ్ సబ్' దాటిందో లేదో ఆ సగానికి తెలిసే దారి లేదు.

పాత ల్యాండ్‌లైన్ ఫోన్ గుర్తున్నవారికి ఇది సులువుగా పట్టుబడుతుంది. నంబరు రాసుకున్న కాగితం పేరు లాంటిది. చేతిలోని రిసీవర్ ఆబ్జెక్ట్. ఎక్స్ఛేంజీ దాకా మన కోసం పట్టి ఉంచిన లైను కనెక్షన్. మాట్లాడటం అయ్యాక కాగితం చింపేస్తే కాల్ ఆగదు. రిసీవర్‌ను బల్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళినా ఆగదు. అవతలివాళ్ళకు ఎంగేజ్ వస్తూనే ఉంటుంది. రిసీవర్‌ను దాని చోట పెడితేనే లైను వదులుతుంది. కనెక్షన్ ఆబ్జెక్ట్‌కు 'క్లోజ్' గానీ 'డిస్పోజ్' గానీ చెప్పడమంటే ఇదే. మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి స్పష్టంగా రాసింది: ఎస్‌క్యూఎల్‌కనెక్షన్ స్కోప్ దాటిపోయినంత మాత్రాన మూతపడదు, మూసే బాధ్యత ప్రోగ్రామర్‌దే.

పేరు ముందు పోయి ఆబ్జెక్ట్ మిగలడం ఒక పక్క. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. డాట్‌నెట్‌లో ఒక టైమర్‌ను ప్రొసీజర్ లోపలి వేరియబుల్‌లో పెట్టి, కింద ఎక్కడా దాన్ని వాడకపోతే, డీబగ్ చేసేటప్పుడు చక్కగా టిక్‌టిక్‌మన్న ఆ టైమర్, రిలీజ్ కాపీలో ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ప్రొసీజర్ ఇంకా ముగియలేదు, పేరు ఇంకా చెల్లుతూనే ఉంది. కానీ ఆ ఆబ్జెక్ట్‌తో ఇక పని లేదని గమనించిన రన్‌టైమ్ దాన్ని చెత్త కింద జమకట్టి తీసేసింది. పేరు ఆయుష్షుకూ ఆబ్జెక్ట్ ఆయుష్షుకూ ముడి లేదనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. కాగితం మీద స్కోప్ గీతలు చూసి యంత్రంలో ఏది ఎప్పుడు పోతుందో చెప్పలేం.

1960 నాటి మూడు ఆలోచనలు

ఈ గందరగోళం ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1960లో మూడు ఆలోచనలు దాదాపు ఒకేసారి అచ్చులోకి వచ్చాయి. ఆల్గాల్ 60 భాష నివేదికలో 'బిగిన్', 'ఎండ్' మధ్య చెప్పుకున్న పేర్లు ఆ మేరకే చెల్లుతాయన్న బ్లాక్ పద్ధతి స్థిరపడింది. అదే ఏడాది జాన్ మెకార్తీ లిస్ప్ భాష గురించి రాసిన పేపర్లో, మెమరీ నిండినప్పుడు మొత్తం గాలించి, ఎవరూ పట్టుకోని వస్తువులను ఏరిపారేసే పద్ధతిని వివరించాడు. తర్వాత అదే గార్బేజ్ కలెక్షన్ అయింది. జార్జ్ కాలిన్స్ అదే ఏడాది మరో దారి చూపించాడు. ప్రతి వస్తువు దగ్గరా దాన్ని ఎంతమంది పట్టుకున్నారో లెక్క రాసి పెట్టుకోవాలి, లెక్క సున్నాకు రాగానే తీసేయాలి. ఇది రిఫరెన్స్ కౌంటింగ్. ఇప్పటి ఫారాల ప్రోగ్రామర్ రోజూ తంటాలు పడే విషయాలన్నీ ఈ మూడింటి కలయికలోంచే వచ్చాయి.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 కాలిన్స్ దారిలో నడిచింది. దాని కింద ఉన్న కామ్ పద్ధతిలో ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఒక లెక్క ఉండేది. 'సెట్ కాన్ = నథింగ్' అనగానే, లేదా ప్రొసీజర్ 'ఎండ్ సబ్' దాటగానే లెక్క ఒకటి తగ్గేది. సున్నా అయితే ఆబ్జెక్ట్ అక్కడికక్కడే పోయేది, పోతూ పోతూ కనెక్షన్‌ను కూడా మూసేది. అంటే ఆ భాషలో మూడు ఆయుష్షులూ దాదాపు ఒకే గీత దగ్గర ముగిసేవి. ఒక తరం ప్రోగ్రామర్లు ఆ హామీ మీదే పని నేర్చుకున్నారు. ఆ పద్ధతికి ఒక లోపం ఉంది. రెండు ఫారాలు ఒకదాన్నొకటి పట్టుకుంటే బయట ఎవరికీ అవి అక్కర్లేకపోయినా ఏ లెక్కా సున్నాకు రాదు, రెండూ మెమరీలో శాశ్వతంగా తిష్ఠ వేస్తాయి. 2002లో డాట్‌నెట్ వచ్చినప్పుడు ఆ లెక్కలన్నీ తీసేసి మెకార్తీ దారిలోని గార్బేజ్ కలెక్టర్‌ను పెట్టారు. ఒకదాన్నొకటి పట్టుకునే ఫారాల చిక్కు వీడింది. కానీ 'ఎండ్ సబ్' దగ్గరే వస్తువు పోతుందన్న హామీ కూడా దానితోనే పోయింది. పాత కోడ్‌లోని 'కాన్ = నథింగ్' లైను మాత్రం కొత్త ప్రోగ్రాముల్లోకి అలాగే దిగుమతి అయింది. చూడ్డానికి అదే లైను, చేసే పని మాత్రం శూన్యం. అది కాగితం చింపుతుంది, రిసీవర్ పెట్టదు.

భాషలు తయారుచేసినవాళ్ళకు ఈ లోటు తెలుసు. అందుకే సీషార్ప్ మొదటి రోజు నుంచీ 'యూజింగ్' బ్లాక్‌తో వచ్చింది. విజువల్ బేసిక్‌కు అది 2005 ఎడిషన్‌లో చేరింది. పైథాన్‌లో 'విత్' 2006లో, జావాలో అదే పని చేసే 'ట్రై' రూపం 2011లో వచ్చాయి. ఈ బ్లాక్ చేసేది ఒక్కటే. లోపలి నుంచి ఏ దారిలో బయటికొచ్చినా, మామూలుగా ముగిసినా, మధ్యలో 'రిటర్న్' అన్నా, ఎర్రర్ వచ్చి ఎగిరిపడ్డా, గడప దాటేముందు 'డిస్పోజ్' తప్పకుండా నడుస్తుంది. పేరు ముగిసే గీతకూ కనెక్షన్ ముగిసే గీతకూ మధ్య తెగిపోయిన ముడిని మళ్ళీ వేయడమన్నమాట. వేర్వేరు మనుషులు వేర్వేరు భాషల్లో, ఏళ్ళ తేడాతో ఒకే మందు దగ్గరికి చేరారంటే, జబ్బు ఒక కంపెనీదో ఒక భాషదో కాదని అర్థం. గార్బేజ్ కలెక్టర్ ఉన్న ప్రతి చోటా ఇది ఉంటుంది.

అద్దె సైకిళ్ళ షాపు

లైను తెరిచి ఉండటం సరే, మరి సరిగ్గా 15 సెకన్ల నిరీక్షణ ఎందుకు? పక్క కౌంటర్ ఎందుకు బాగుంది? దీనికి జవాబు పూల్‌లో ఉంది. మన ఊళ్ళలో గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులు ఉండేవి. ఊళ్ళో అందరూ సైకిల్ కొనలేరు, కొన్నవాళ్ళకూ రోజంతా అవసరం ఉండదు. తీసుకెళ్ళినవాడు పని చూసుకుని తెచ్చి స్టాండు వేస్తాడు. షాపువాడు గాలి చూసి, చైను సరిచేసి తర్వాతివాడికి ఇస్తాడు. డాట్‌నెట్‌లో కనెక్షన్ పూల్ అచ్చంగా అలాంటి షాపు. ప్రోగ్రామర్ 'ఓపెన్' అంటే పూల్ తన దగ్గర ఖాళీగా ఉన్న లైను ఇస్తుంది, లేకపోతే కొత్తది తయారుచేస్తుంది. 'క్లోజ్' అంటే లైను నిజంగా తెగదు, తిరిగి షాపుకు చేరుతుంది. తర్వాత వాడేముందు సర్వర్ ఆ సెషన్‌లోని పాత సెట్టింగులను తుడిచి కొత్తదానిలా చేస్తుంది. 4 నుంచి 8 నిమిషాల దాకా ఎవరూ అడగకపోతే పూల్ ఆ లైనును తెంచేస్తుంది. ఒక అక్షరం తేడా లేని కనెక్షన్ స్ట్రింగ్‌కు ఒక షాపు. స్ట్రింగ్‌లో ఒక్క ఖాళీ ఎక్కువ పడినా వేరే షాపు తెరుచుకుంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు డాట్‌నెట్ పెట్టే పూల్‌లో డీఫాల్ట్‌గా ఎక్కువలో ఎక్కువ 100 సైకిళ్ళే ఉంటాయి. నూరూ బయట ఉంటే అడిగినవాడు కనెక్షన్ గడువు దాకా వేచి చూడాలి, దాని డీఫాల్ట్ 15 సెకన్లు. షాపు ఊరికి ఒకటి కాదు, నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ సొంతంగా ఒకటి. అందుకే మొదటి కౌంటర్ సైకిళ్ళన్నీ గల్లంతైనా పక్క కౌంటర్‌కు ఏ లోటూ లేదు. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటి లెక్క తేలుతుంది. ప్రతి బిల్లూ కనెక్షన్ మరిచిపోతే పదకొండింటికే ఆగిపోయేది, రాసినవాడికి మొదటి రోజే తెలిసిపోయేది. ఇలాంటి ప్రోగ్రాముల్లో మరిచిపోయేది సాధారణంగా ఒక మూల దారిలో. 'స్టాకు లేదు' అని సందేశం చూపించి, 'కాన్.క్లోజ్' లైను చేరకముందే 'ఎగ్జిట్ సబ్' అని వెళ్ళిపోయే దారి అది. స్టాకు లేని మందు అడిగిన ప్రతిసారీ ఒక సైకిల్ తిరిగి రాదు. అలా నూరు పోయేసరికి మధ్యాహ్నం అవుతుంది. ప్రోగ్రాం మూసేస్తే విండోస్ దాని లైన్లన్నీ తెంచేస్తుంది, తెరిస్తే కొత్త షాపు, కొత్త నూరు. రీస్టార్ట్ చేస్తే బాగైపోవడంలోని మహిమ ఇంతే.

———————
'ఓపెన్' అన్నాక ఏం జరుగుతుంది?

పూల్‌లో ఖాళీ లైను లేకపోతే ముందు సర్వర్‌తో టీసీపీ పలకరింపు జరుగుతుంది: ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, మళ్ళీ ఇటు నుంచి ఒకటి, మొత్తం మూడు ప్యాకెట్లు. తర్వాత లైనుకు రహస్య తాళం వేసుకునే సంప్రదింపు. ఆపై లాగిన్: ఎవరు, పాస్‌వర్డ్ సరైనదేనా, ఏ డేటాబేస్ కావాలి. అప్పుడు సర్వర్ ఈ సెషన్ కోసం మెమరీ కేటాయిస్తుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ప్రతి కనెక్షన్‌కూ ఏకంగా ఒక ప్రత్యేక ప్రాసెస్‌నే పుట్టిస్తుంది. అందుకే దాని డీఫాల్ట్ పరిమితి మామూలుగా 100. మైఎస్‌క్యూఎల్‌లో అది 151.
———————

'గార్బేజ్ కలెక్టర్ చూసుకోదా?'

ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు. వదిలేసిన ఆబ్జెక్ట్‌ను గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడో ఒకప్పుడు తీసేస్తుంది కదా, అప్పుడు కనెక్షన్ కూడా పూల్‌కు చేరుతుంది కదా అని. అందులో నిజముంది. పట్టుకున్న ఆబ్జెక్ట్ మాయమైందని గమనిస్తే పూల్ ఆ లైనును వెనక్కి లాక్కుంటుంది. అలా లాక్కున్నవి ఎన్నో చెప్పే కొలమానం కూడా డాట్‌నెట్‌లో ఉంది. చిక్కంతా ఆ 'ఎప్పుడో ఒకప్పుడు'లో ఉంది. గార్బేజ్ కలెక్టర్‌ను కదిలించేది మెమరీ ఒత్తిడి. దుమ్ము పేరుకుంటేనే వచ్చి ఇల్లు ఊడ్చే మనిషి లాంటిది అది. బిల్లింగ్ ప్రోగ్రాం లాంటి చిన్న ఇంట్లో దుమ్ము అంతగా పేరుకోదు. కనెక్షన్ ఆబ్జెక్ట్ మెమరీలో తీసుకునే చోటు అతి స్వల్పం. అది పట్టుకున్న లైను సర్వర్‌కు ఎంత బరువో కలెక్టర్‌కు కనిపించదు. మూలన పడున్న చిన్న తాళంచెవి వెనక వీధిలో సైకిల్ ఎండలో నిలబడి ఉందని ఊడ్చే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఈ పాక్షిక నిజం వల్లే జబ్బు మరింత మొండిదైంది. రాసినవాడి కంప్యూటర్లో పెద్ద రిపోర్టు ఒకటి తెరిచి ఉంటే మెమరీ కదులుతుంది, కలెక్టర్ వస్తుంది, వదిలేసిన లైన్లు వెనక్కి వస్తాయి, ప్రోగ్రాం పరీక్షలో నెగ్గుతుంది. కౌంటర్లో రిపోర్టులు తెరిచేవారుండరు, బిల్లుల మీద బిల్లులే. కలెక్టర్ నిద్రపోతుంది, నూరు నిండుతాయి. ఒక రోజు మూడింటికి, మరో రోజు ఐదింటికి, పండగ సీజన్లో పన్నెండుకే. వేళ మారుతూ ఉండటం చూసి కారణం బయట ఎక్కడో ఉందనుకోవడం సహజమే. ఒకే కోడ్ ఒకే తప్పును రోజుకో వేళలో చూపించడానికి కారణం, దాన్ని కప్పిపుచ్చే కలెక్టర్ రాక మనకు సంబంధం లేని విషయాల మీద ఆధారపడటం.

'రోజంతా ఒకే కనెక్షన్ తెరిచి ఉంచితే?'

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. తెరవడం, మూయడం, మరిచిపోవడం, ఇంత తతంగం ఎందుకు? డెస్క్‌టాప్ ప్రోగ్రాం వాడేది ఒక్క మనిషి. ఒక మాడ్యూల్‌లో 'పబ్లిక్ కాన్' అని పెట్టి, ప్రోగ్రాం మొదలైనప్పుడు తెరిచి, సాయంత్రం మూస్తే లీకేజీ అన్న మాటే ఉండదు కదా? కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. దీన్ని తెలియనితనమని కొట్టిపారేయడం తేలిక, కానీ అందులో ఒక తర్కముంది: మూడు ఆయుష్షులనూ ప్రోగ్రాం అంత పొడవుగా సాగదీస్తే అవి మళ్ళీ కలుస్తాయి. అలా కలపడానికి ఎంత మూల్యం చెల్లిస్తున్నామన్నదే ప్రశ్న.

మొదటి మూల్యం, ఆ ఒక్క లైను మీద అందరూ పడటం. ఒక ఫారంలో జాబితా ఒక్కో వరుసే చదువుతుండగా, ఆ వరుస కోసం మరో క్వెరీ అదే కనెక్షన్ మీద పంపితే, ఇప్పటికే ఒక డేటారీడర్ తెరిచి ఉంది, ముందు దాన్ని మూయమని ఎర్రర్ వస్తుంది. ఫారాల ప్రోగ్రాములు రాసే ప్రతివారూ ఈ వాక్యం చూసి ఉంటారు. రెండో మూల్యం, లైను మన నమ్మకాన్ని పట్టించుకోకపోవడం. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటుంది, వైఫై తెగి అతుక్కుంటుంది, సర్వర్‌ను భోజనం వేళ రీస్టార్ట్ చేస్తారు. మైఎస్‌క్యూఎల్ డీఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు మాట్లాడని లైనును తనే తెంచేస్తుంది. 'పబ్లిక్ కాన్' మాత్రం తాను తెరిచే ఉన్నానని చెబుతూ ఉంటుంది, అసలు సంగతి తర్వాతి క్వెరీతో గానీ బయటపడదు. కరెంటు పోతే కథ తిరగబడుతుంది. లైను తెగిన సంగతి చెప్పే ప్యాకెట్ వెళ్ళకముందే కంప్యూటర్ ఆరిపోయింది కాబట్టి అవతలి సగం బతికే ఉందనుకుని సర్వర్ కూర్చుంటుంది. లినక్స్‌లో టీసీపీ తనంతట తాను ఆరా తీయడం మొదలుపెట్టడానికి డీఫాల్ట్ 7,200 సెకన్లు. రెండు గంటలు!

అన్నిటికంటే భారమైనది మూడో మూల్యం. తెరిచి ఉన్న కనెక్షన్ మీద ట్రాన్సాక్షన్ కూడా తెరిచి ఉండిపోవడం. ఒక దృశ్యం ఊహించండి. ఒక ఫారంలో 'డిలీట్' నొక్కారు. ప్రోగ్రాం ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, స్టాకు పట్టికలో వరుసను మార్చి, ఆ తర్వాత 'నిజంగా తొలగించాలా?' అని అడిగింది. సరిగ్గా అప్పుడే భోజనానికి పిలుపు వచ్చింది. పెట్టె తెర మీద అలాగే ఉంది, మనిషి టిఫిన్ క్యారియర్ దగ్గర ఉన్నాడు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డీఫాల్ట్ పద్ధతిలో ఆ వరుస మీద తాళం పడి ఉంది. మిగతా నాలుగు కౌంటర్లలో ఆ మందు పేరు కొట్టినవాళ్ళు, చదవడానికే అయినా సరే, ఆ తాళం దగ్గర క్యూ కడతారు. 30 సెకన్లకు వాళ్ళ కమాండ్ గడువు తీరి ఒక్కొక్కరికీ ఎర్రర్ వస్తుంది. ఏ తప్పూ చేయని నలుగురు తెరలు చూస్తూ నిలబడతారు. తప్పు పెరుగన్నం తినడానికి వెళ్ళిన మనిషిది కాదు. కనెక్షన్ ఆయుష్షును మనిషి తీరికతో ముడిపెట్టిన డిజైన్‌ది. మనిషి ఆలోచించే వేగానికీ సర్వర్ పనిచేసే వేగానికీ మధ్య వేల రెట్ల తేడా ఉంది. వాటిని ఒకే తాడుతో కడితే సర్వర్ మనిషి వేగానికి పడిపోతుంది.

మాటిమాటికీ తెరిస్తే నెమ్మదవుతుందన్న భయానికి పూల్ ఎప్పుడో జవాబిచ్చింది. 'క్లోజ్' అన్నా లైను తెగదు కాబట్టి, తర్వాతి 'ఓపెన్'కు టీసీపీ పలకరింపు, లాగిన్ ఏవీ ఉండవు. పూల్ వెబ్ సర్వర్ల కోసమే పుట్టిందని, డెస్క్‌టాప్‌కు వర్తించదని కొందరంటారు. అది ప్రతి ప్రాసెస్‌లోనూ, అడగకుండానే, డీఫాల్ట్‌గా పనిచేస్తుంది. పూల్‌ను మనం వాడుకోకపోతే అది చేసిన మేలు వృథా అవుతుంది, అంతే.

ఫారం దగ్గర ఏం ఉండాలి?

అయితే కనెక్షన్‌ను ఫారం 'లోడ్'లో తెరిచి, మూసేటప్పుడు మూస్తే మధ్యేమార్గం అవుతుందా? ఇక్కడ విండోస్ ఫారాల్లోని ఒక చిన్న సంగతి దెబ్బతీస్తుంది. 'షో' అని చూపించిన ఫారాన్ని మూసేస్తే దాని 'డిస్పోజ్' నడుస్తుంది. 'షోడైలాగ్' అని చూపించిన ఫారాన్ని మూలన ఉన్న ఎర్ర గుర్తు నొక్కి మూసినా, నిజానికి అది దాక్కుంటుందంతే. పిలిచినవాళ్ళు దాని పెట్టెల్లోని విలువలు చదువుకోవాలి కదా, అందుకని దాన్ని బతికి ఉంచుతారు. 'డిస్పోజ్' చెప్పాల్సింది పిలిచినవాళ్ళే. ఫారంతో పాటే పోతుందనుకుని అందులో దాచిన కనెక్షన్, తెర మీద లేని ఫారం లోపల తెరిచే ఉంటుంది. కంటికి కనిపించడం, బతికి ఉండటం కూడా రెండు వేర్వేరు సంగతులేనని ఫారాలు ఇలా నేర్పుతాయి.

ఫారం దగ్గర ఉండాల్సింది డేటా, కనెక్షన్ కాదు. డాట్‌నెట్‌లో డేటాసెట్, డేటాఅడాప్టర్ జంటను ఇదే ఉద్దేశంతో రూపొందించారు. అడాప్టర్‌కు 'ఫిల్' అని చెబితే, కనెక్షన్ మూసి ఉంటే తనే తెరిచి, వరుసలు తెచ్చి, తనే మూసేస్తుంది. తెరిచి ఇస్తే మాత్రం తెరిచే వదిలేస్తుంది. అంటే దేన్ని తాను తెరవలేదో దాన్ని తాను మూయదు. ప్రోగ్రామర్‌కు ఇదొక మంచి పాఠం, ఎందుకంటే ఎవరు మూయాలన్న ప్రశ్నకు ఎవరు తెరిచారన్నదే జవాబు. ఒక ఫారం మరో ఫారానికి తెరిచిన కనెక్షన్ అందించడం మొదలుపెట్టిందంటే, మూసే బాధ్యత ఇద్దరి మధ్యా జారిపోతుంది. బిల్లు నంబరు మాత్రమే అందించి, అవసరమైనవారు తమ కనెక్షన్ తాము తెరుచుకుంటే ఆ చిక్కే ఉండదు.

కనెక్షన్ వదిలేసి కాపీ మీద పనిచేస్తుంటే ఈలోగా మరొకరు అదే వరుస మార్చేయరా అన్న అభ్యంతరం న్యాయమైనదే. మారుస్తారు. అందుకే సేవ్ చేసేటప్పుడు, నేను చదివినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంటేనే మార్చు అని షరతు పెట్టి అప్‌డేట్ పంపాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వరుస మారిన ప్రతిసారీ తనంతట తాను మారే 'రోవెర్షన్' కాలమ్ ఇందుకు సరిపోతుంది. షరతు తప్పితే ఒక్క వరుస కూడా మారదు, అడాప్టర్ ఆ సంగతి ఎర్రర్‌గా చెబుతుంది, ప్రోగ్రాం కొత్త విలువలు చూపించి ఏం చేయాలని అడుగుతుంది. ఇద్దరు ఒకే వరుస మీద ఒకే నిమిషంలో పడటం ఎప్పుడో గానీ జరగదు. ఆ ఒక్క సందర్భం కోసం రోజంతా అందరినీ తాళాల దగ్గర నిలబెట్టడం కంటే, జరిగినప్పుడు ఒకరిని మళ్ళీ చూడమనడం చాలా చవక.

దీన్ని గుడ్డి సూత్రంగా పట్టుకోవడమూ తప్పే. ఎస్‌క్యూలైట్‌లో మెమరీలోనే ఉండే డేటాబేస్ తెరిస్తే, ఆ కనెక్షన్ మూసిన క్షణమే డేటాబేస్ మొత్తం మాయమవుతుంది. అక్కడ తెరిచి ఉంచడమే సరైన పని. యాక్సెస్ ఫైలును నెట్‌వర్క్‌లో పెట్టి వాడేచోట, తెరిచిన ప్రతిసారీ పక్కన ఒక తాళం ఫైలు పుడుతుంది, చివరి మనిషి మూయగానే పోతుంది. ఈ పుట్టడం, పోవడంలో కాలం ఖర్చవుతుంది కాబట్టి ఒక కనెక్షన్‌ను పట్టి ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తాత్కాలిక పట్టికలు సెషన్‌తో పాటే పోతాయి, వాటితో పని అయ్యేదాకా కనెక్షన్ ఉండాల్సిందే. ఈ మినహాయింపులు అసలు వాదానికి ఎదురు కావు. కనెక్షన్ ఆయుష్షును నిర్ణయించాల్సింది పని. పేరు ఎక్కడ రాసుకున్నామన్నది కాదు, కలెక్టర్ ఎప్పుడొస్తుందన్నదీ కాదు. పని రెండు మిల్లీసెకన్లదైతే కనెక్షన్ రెండు మిల్లీసెకన్లు, పని రోజంతా ఉంటే రోజంతా.

ఇంత చెప్పుకున్నాక, ఇప్పటికే కౌంటర్లో నడుస్తున్న ప్రోగ్రాంలో లీకు ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగన్నది మిగిలింది. వేల లైన్లు చదువుతూ ప్రతి 'ఓపెన్'కూ జతగా 'క్లోజ్' వెతకడం కష్టం, ఎందుకంటే జత కాగితం మీద ఉన్నా దారి దాన్ని చేరకపోవచ్చు. ఇంతకంటే సులువైన ఉపాయం ఉంది. పరీక్షించే కాపీలో కనెక్షన్ స్ట్రింగ్ చివర 'మ్యాక్స్ పూల్ సైజ్ = 1' అని చేర్చాలి. షాపులో నూరు సైకిళ్ళకు బదులు ఒక్కటే ఉంచాలన్నమాట. ఇక ఒక్కో ఫారం తెరిచి, ఒక్కో బటన్ నొక్కుతూ, స్టాకు లేని మందు, తప్పు తేదీ, మధ్యలో రద్దు లాంటి మూల దారులన్నీ తిరగాలి. అన్నీ సరిగ్గా మూసే కోడ్ అయితే తేడా కూడా తెలియకుండా నడుస్తుంది. ఒక కనెక్షన్ తెరిచి ఉండగానే లోపల మరొకటి అడిగే చోటు ఉంటే అక్కడే ఆగుతుంది. మూయడం మరిచిన దారి ఉంటే, దాని తర్వాత నొక్కే మొట్టమొదటి బటన్ దగ్గరే తెర బిగుసుకుని, 15 సెకన్లకు ఆ పాత పెట్టె వస్తుంది. మధ్యాహ్నం మూడింటి దాకా ఎదురుచూడక్కర్లేదు.